తోడేలు చొక్కా తొడుక్కుంటోంది

పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు. కాస్త దూరంలో, చెట్టు చాటునో గోడ పక్కనో, తోడేలు వేషం కట్టిన పిల్లో పిల్లవాడో నిలబడి ఉంటారు. తోడేలు లేని వేళ చూసుకుని అడవిలో ఆడుకుందామని పిల్లల పాట. చరణం కాగానే ఆగి, తోడేలు ఉందో లేదో కేకేసి అడుగుతారు. ఉంది కానీ దానికి తీరిక లేదు, లాగు వేసుకుంటోంది. మళ్ళీ తిరుగుడు, మళ్ళీ పాట, మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి చొక్కా తొడుక్కుంటోంది. ఆ తరవాత మేజోళ్ళు, బూట్లు, టోపీ. తోడేలు ఎంత సోకులరాయుడైతే ఆట అంతసేపు సాగుతుంది. అన్నీ అయ్యాక ఒక్కసారిగా అది దూకుతుంది, పిల్లలు కేకలు పెడుతూ చెల్లాచెదురవుతారు. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా, అటు స్పెయిన్‌లోనూ, స్పానిష్ మాట్లాడే ఇళ్ళలో పుట్టి ఈ ఆట ఎరగనివారు అరుదు.

కొత్తగా స్పానిష్ నేర్చుకుంటున్న పిల్లను ఆ వలయంలో నిలబెడితే ఏమవుతుంది? తోడేలు నోట వచ్చిన మాట చొక్కా పేరో, తాను సిద్ధమైపోయాననే కబురో వెంటనే పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే దొరికిపోతుంది. మాటకు అర్థం తెలియడం ఇక్కడ మార్కుల వ్యవహారం కాదు, పరుగు వ్యవహారం. దుస్తుల పేర్లను బొమ్మల పట్టికలో చూపించి పదిసార్లు వల్లె వేయించినా రాని శ్రద్ధ, తోడేలు భయంతో రెండు చుట్లలో వచ్చేస్తుంది. పిల్లల అభినయ గీతాలతో స్పానిష్ నేర్పే ఉపాధ్యాయులు నమ్ముకున్న కిటుకు ఇదే.

తెలుగువారికి ఈ ఆటలో ఇంకో లాభం ఉంది. దాన్ని మనవాళ్ళు అంతగా గమనించినట్టు లేదు. మనకు తొడగడం వేరు, తొడుక్కోవడం వేరు. కడగడం వేరు, కడుక్కోవడం వేరు. ఎవరి పని వారు చేసుకుంటే క్రియకు ‘కొను’ చేర్చడం మనకు అన్నప్రాశన నాటి నుంచీ అలవాటు. స్పానిష్‌కూ ఆ పట్టింపు ఉంది. గిన్నె కడిగితే ‘లబార్’, చేతులు కడుక్కుంటే ‘లబార్సే’. తోడేలు బట్టలు వేసుకోవడం, ఇంకో పిల్లల పాటలో బొమ్మ ముఖం కడుక్కుని తల దువ్వుకోవడం, అన్నీ ఈ ఆత్మార్థక క్రియలతోనే నడుస్తాయి. అలాగే పాట ‘నాకు నచ్చింది’ అంటాం. నచ్చే పని పాటది, ఆ నచ్చడం నాకు. స్పానిష్ వాక్యం కూడా సరిగ్గా ఇలాగే కూర్చుంటుంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవారు ఈ రెండుచోట్లా తడబడి వారాలు గడుపుతారు. మన పిల్లలు, చేతిలో ఇంగ్లిష్ వివరణలున్న పుస్తకాన్ని పట్టుకుని, వారితో పాటు తామూ తడబడతారు. ఇంటి పక్కనున్న ఊరికి పట్నం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడమంటే ఇదే.

ఉచ్చారణ సంగతీ అంతే. మన ప, త, కలలాగే స్పానిష్ హల్లులు ఊపిరి ఊదకుండా పలుకుతాయి. ఓనమాలలో దిద్దించి ఆపైన ఒంటరిగా ఎక్కడా వాడనివ్వని ‘ఞ’ అక్షరానికి ఆ భాషలో చేతినిండా పని ఉంది. చిన్నపిల్లవాణ్ని పిలిచే ‘నిఞో’లోనే అది కనిపిస్తుంది. రేఫలు కూడా రెండు. ఒకటి మామూలుది, ఇంకొకటి మన బండి ‘ఱ’ను తలపించేలా నాలుక అదరగొట్టేది. అచ్చులు ఐదే. ఆ ఐదింటినీ తీర్చిదిద్దడానికి పిల్లల పాట ఒకటుంది. ప్రశాంతంగా ఉన్న సముద్రం గురించిన వాక్యాన్ని మొదట మామూలుగా పాడి, ఆపైన అందులోని అచ్చులన్నింటినీ ‘అ’గా, తరవాత ‘ఎ’గా, ‘ఇ’గా, ‘ఒ’గా, ‘ఉ’గా మార్చి పాడుతూ పోతారు. అర్థం గంగలో కలుస్తుంది, నోరు మాత్రం సాపవుతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు.

అభినయానికీ భాషకూ ముడిపెట్టి సిద్ధాంతం కట్టినవాడు జేమ్స్ ఆషర్. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. 1960లలో జపనీస్, రష్యన్ భాషలతో ఆయన ప్రయోగాలు చేశాడు. పద్ధతి చాలా తేలిక. గురువు కొత్త భాషలో ‘లే’ అంటూ తాను లేస్తాడు, శిష్యులూ లేస్తారు. ‘నడువు’ అంటే నడుస్తారు, ‘ఆగు’ అంటే ఆగుతారు, ‘వెనక్కి తిరుగు’ అంటే తిరుగుతారు. అనువాదం లేదు, వ్యాకరణం లేదు. ఎవరినీ మాట్లాడమని అడగరు. బిడ్డ నోరు విప్పడానికి ఎన్నో నెలల ముందే ‘బంతి ఇటివ్వు’ అంటే ఇస్తుంది, ‘నాన్న దగ్గరికి పో’ అంటే పోతుంది. ముందు చెవికి, ఒంటికి భాష పట్టాలి, ఆ తరవాతే నోటికి. ఆషర్ చెప్పింది ఇదే. 1977లో దీని మీద పుస్తకం రాశాక అమెరికాలోని స్పానిష్ ఉపాధ్యాయులు చాలామంది ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు.

వారికి స్పానిష్ క్రియల స్వభావమూ కలిసొచ్చింది. చనువున్నవారితో ‘గెంతు’ అని చెప్పడానికీ, ‘అతడు గెంతుతాడు’ అనడానికీ ఆ భాషలో సాధారణంగా ఒకటే రూపం. ఆజ్ఞలు నేర్చుకున్న పిల్ల చేతికి వర్తమానకాలం ఊరికే వచ్చి పడుతుంది.

ఆషర్ పద్ధతిలో లోపమల్లా ఒక్కటే. కొన్నాళ్ళకు అది కవాతులా తయారవుతుంది. లే, కూర్చో, తలుపు తీయి, తలుపు వేయి అంటుంటే ఎంతటి ఓర్పున్నవారికైనా విసుగు పుడుతుంది. అభినయ గీతంలో ఆ ఆజ్ఞే రాగం తీస్తుంది, తాళం వేస్తుంది, పక్కన నలుగురు తోడవుతారు. రాగానికి విలువ లేకపోలేదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మంది పెద్దవాళ్ళను మూడు జట్లుగా చేసి, వారికి ఏమాత్రం పరిచయం లేని హంగేరియన్ భాషలో చిన్నచిన్న వాక్యాలు 15 నిమిషాల పాటు వినిపించి పలికించారు. ఒక జట్టు మామూలుగా పలికింది, ఒకటి లయతో పలికింది, ఒకటి పాడింది. తరవాత ఆ వాక్యాలను తిరిగి చెప్పమన్నప్పుడు పాడిన జట్టు మెరుగ్గా నిలిచింది. 2014లో అచ్చయిన అధ్యయనమిది. ఇక చేతుల సంగతి మాన్యుయేలా మాసిడోనియా అనే భాషా పరిశోధకురాలు తేల్చింది. లేని భాషను ఒకదాన్ని కల్పించి, అందులోని మాటలను అభినయంతో నేర్పి చూసింది. అర్థానికి తగిన సైగతో నేర్చుకున్న మాటలు, అర్థం లేని చేతి ఊపులతో నేర్చుకున్న వాటికన్నా బాగా గుర్తున్నాయి. పసిపిల్లల అమ్మమ్మలకు ఈ ఫలితం వినిపిస్తే ఇందులో వింతేముంది అంటారు. అయినా ప్రయోగశాల ఒప్పుకోవడం మంచిదే.

స్పానిష్ పిల్లల పాటల్లోకి దిగితే తెలుగువారికి అడుగడుగునా తెలిసిన ముఖాలే. పొత్తిళ్ళు దాటిన బిడ్డ ముందు అరచెయ్యి అటూ ఇటూ తిప్పుతూ మనం తారంగం ఆడిస్తాం. స్పెయిన్‌లో తల్లులూ అలాగే చెయ్యి తిప్పుతారు. కాకపోతే వారి ఐదు వేళ్ళూ ఐదు తోడేలు పిల్లలు, వాటిని కన్న తోడేలమ్మ ఒకతె. మనం చప్పట్లు కొట్టిస్తే మెక్సికోలో బిడ్డ చేతులను మొక్కజొన్న రొట్టె తట్టినట్టు తట్టిస్తారు. ఆ పాట ఒక పాఠంలో మాడిన రొట్టెలు నాన్న వంతు, బాగా కాలినవి అమ్మ వంతు. ఏ తల్లి కట్టిందో గానీ లెక్క తేల్చుకుంది. పడి మోకాలు చెక్కుకుపోయిన పిల్లకు కప్పతోక మీద ఆన పెట్టి నిమిరే మంత్రమొకటి ఆ దేశాల్లో పెద్దవాళ్ళయ్యాక కూడా మరచిపోరు. కప్పకు తోక లేదని అడిగేలోగా ఏడుపు ఆగిపోతుంది, మంత్రం పని అక్కడికి అయిపోతుంది.

కోడిపిల్లల పాట చూడండి. ఆకలేసినా చలేసినా అవి కిచకిచలాడతాయి, తల్లికోడి గింజలు వెతికి తెచ్చిపెడుతుంది, చివరికి రెక్కల కింద పొదువుకుని నిద్రపుచ్చుతుంది. పాడుతూ పిల్లలు వేళ్ళతో ముక్కు చేసి గింజలు ఏరతారు, చలికి వణుకుతారు, మోచేతులు ముడిచి రెక్కలు చేస్తారు. ఇది అనాదిగా వస్తున్న జానపదమని స్పానిష్ లోకంలో చాలామంది అనుకుంటారు. నిజానికి చిలీకి చెందిన ఇస్మాయెల్ పర్రాగెస్ అనే ఉపాధ్యాయుడు రాసి 1907లో తన పిల్లల గేయాల పుస్తకంలో అచ్చువేశాడు. కవి పేరు రాలిపోయి పాట మిగలడం ఒకరకంగా అదృష్టమే. చిలీలోనే బడిపంతులమ్మగా జీవితం మొదలుపెట్టిన గాబ్రియేలా మిస్త్రాల్, పిల్లలు చేతులు కలిపి తిరుగుతూ పాడుకోవడానికి వలయ గేయాలు రాసింది. బడుల సంస్కరణకు సాయం చేయమని మెక్సికో ప్రభుత్వం 1922లో ఆమెను పిలిపించుకుంది. 1924లో వచ్చిన ‘తెర్నూరా’ సంపుటిలో ఆ గేయాలున్నాయి. లాటిన్ అమెరికాకు సాహిత్యంలో తొలి నోబెల్ తెచ్చింది 1945లో ఆమే. పిల్లల పాట రాయడాన్ని మన దగ్గర ఇప్పటికీ కుర్రతనంగా చూసే పండితులున్నారు గనక ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

మెక్సికోలో ఫ్రాన్సిస్కో గాబిలోందో సోలేర్ 1934 అక్టోబరులో రేడియో మైకు ముందు కూర్చుని పిల్లలకు పాడడం మొదలుపెట్టాడు. తరవాత ‘క్రి-క్రి’ అనే పాటగాడు కీచురాయిగా తరతరాల పిల్లల నోళ్ళలో నిలిచిపోయాడు. రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం విని పెరిగిన తెలుగు తరానికి ఆ అభిమానమెలాంటిదో వివరించనక్కర్లేదు.

అన్నింటిలోకీ ఈ సంపాదకీయం ఓటు ఏనుగుల పాటకే. సాలెగూటి దారం మీద ఒక ఏనుగు ఊగుతోంది. దారం తెగడం లేదని చూసి ఇంకో ఏనుగును పిలుస్తుంది. రెండు ఊగుతాయి, తెగదు, మూడోది వస్తుంది. పిల్లలు చేతిని తొండంలా ఊపుతూ వరసలో నడుస్తారు, ప్రతి చరణానికీ ఒకరిని పిలిచి వెనక చేర్చుకుంటారు. గదిలో పిల్లలు అయిపోయేదాకా అంకెలు సాగుతాయి. లెక్క అందరికీ కనిపించేదే. కనిపించనిది కాలం. స్పానిష్‌లో భూతకాలాలు రెండు, అవి పెట్టే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. జరుగుతూ ఉండినదానికి ఒక రూపం, జరిగి ముగిసినదానికి మరో రూపం. ‘ఊగుతుండేది’కీ ‘వెళ్ళి పిలిచింది’కీ ఉన్న తేడా అన్నమాట. ఏది ఎక్కడ వాడాలో చెప్పడానికి పుస్తకాలు పేజీల కొద్దీ సూత్రాలు రాస్తాయి. ఈ పాటలో ఊగడం, దారం తట్టుకోవడం, అది చూస్తుండడం మొదటి రూపంలో ఉంటాయి. పోయి పిలవడం మాత్రం రెండో రూపంలో వస్తుంది. చెయ్యి ఊగుతున్నంతసేపూ ఒక కాలం, కాలు కదిపి వెళ్ళగానే ఇంకో కాలం. ఇరవై ఏనుగులు చేరేసరికి ఆ తేడా ఒంట్లోకి ఇంకిపోతుంది. దానికి పేరుందని పిల్లకు ఏ పదో తరగతిలోనో తెలుస్తుంది.

వాన కురవాలని పిల్లలు కోరుకునే పాట ఒకటుంది. కోరిక చెప్పే ఆ క్రియారూపాన్ని పాఠ్యపుస్తకాలు చాలా వెనక్కి నెట్టి, తీరా వచ్చాక దాన్నో కొండలా చూపి భయపెడతాయి. మూడేళ్ళ పిల్లలు మాత్రం అరచేతులు చాచి ఆకాశంలోకి చూస్తూ దాన్నే పాడేస్తారు.

ఈ పాటలను పోగేసి బడుల్లోకి తెచ్చినవారిలో హోసే-లూయిస్ ఒరోస్కో పేరు ముందు చెప్పాలి. మెక్సికో నగరంలో పుట్టాడు. నాయనమ్మ దగ్గర పాటలు నేర్చాడు. పిల్లల గాయక బృందంతో ముప్పైకి పైగా దేశాలు తిరిగి, తరవాత కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. వేళ్ళాటలు, అభినయ గీతాలతో 1997లో ఆయన తెచ్చిన ‘దియెస్ దెదితోస్’ అమెరికాలో చిన్న తరగతుల ఉపాధ్యాయులకు బాగా తెలిసిన పుస్తకం. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా ఓటర్లు 227వ ప్రతిపాదనకు ఓటేసి, ప్రభుత్వ బడుల్లో రెండు భాషల బోధనకు చాలామటుకు గండికొట్టారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు బడిలో ఇంగ్లిష్‌లోనే చదవాలన్నారు. ఆ కట్టడిని 2016లో 58వ ప్రతిపాదనతో ఓటర్లే తీసేశారు. మధ్యలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అమెరికాలో ఇవాళ నాలుగు కోట్ల మందికి పైగా ఇంట్లో మాట్లాడుకునే భాష స్పానిష్. రెండు భాషల్లోనూ చదువు చెప్పే తరగతుల్లో ఇప్పుడు స్పానిష్ ఇంటి పిల్లల పక్కనే ఇతరుల పిల్లలూ కూర్చుంటున్నారు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు.

పిల్లలకు సరే, పెద్దలకు ఈ చిందులేమిటని అడగవచ్చు. వయసు మళ్ళాక భాష రాకపోవడానికి మతిమరుపే కారణమని మనకొక గట్టి నమ్మకం. అంతకన్నా పెద్ద అడ్డు బిడియం. నలుగురిలో నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందేమో, నవ్వుతారేమోనన్న జంకు. యాభై ఏళ్ళ ఉద్యోగి వారాంతపు స్పానిష్ తరగతిలో చేరి, వ్యాకరణ పట్టికలు పొల్లుపోకుండా అప్పజెబుతాడు. కాఫీ ఒకటి ఇమ్మని అడగమంటే గొంతు పెగలదు. అలాంటివారిని తల, భుజాలు, మోకాళ్ళు, పాదాలు ముట్టుకునే పాటకు నిలబెడితే మొదట ఇబ్బందిగా నవ్వుతారు. అందరూ అదే అవస్థలో ఉంటారు గనక ఎవరూ ఎవరినీ చూడరు. గుంపు పాటలో ఒకరి తప్పు ఇంకొకరికి వినిపించదు. చెయ్యి సరైన చోట పడితే చాలు, మాట వెనకాల వచ్చి కలుస్తుంది. పరువు కాసేపు పక్కన పెట్టగలిగినవారికి భాష తొందరగా వస్తుందన్నది ఏ ఉపాధ్యాయుణ్ని అడిగినా చెప్పే సంగతే.

అయితే పాటలే భాష అనుకుంటే చిక్కే. పాటలో నేర్చిన మాటలు వరస తప్పితే పలకవు. మోకాలికి స్పానిష్‌లో ఏమంటారో చెప్పాలంటే తల దగ్గర నుంచి పాడుకుంటూ రావాలి. అందుకే తెలివైన ఉపాధ్యాయులు వరస మారుస్తారు, వేగం పెంచుతారు, ఒక మాట మింగేసి సైగ మాత్రమే చేయిస్తారు. దేశాన్ని బట్టి ఆజ్ఞ కూడా మారుతుంది. అర్జెంటీనాలో ‘గెంతు’ అనడానికి ఊనిక చివరి అక్షరం మీద పడుతుంది, మెక్సికోలో మొదటి దాని మీద. ఇంగ్లిష్ పాటను తెచ్చి స్పానిష్ మాటలు తొడిగినవీ కొల్లలు. పనికి పనికొస్తాయి గానీ, వాటిలో తోడేలు ఉండదు, మొక్కజొన్న రొట్టె ఉండదు. వీలైతే అక్కడి మట్టిలో పుట్టిన పాటలనే వెతుక్కోవడం మేలు.

యూట్యూబ్ వచ్చాక ఇంకో తమాషా జరిగింది. రంగురంగుల కార్టూన్ ఏనుగులు తెర మీద బ్రహ్మాండంగా ఊగుతుంటాయి. సోఫాలో కూర్చున్న పిల్ల కళ్ళార్పకుండా చూస్తుంటుంది. అభినయమంతా బొమ్మే చేసేస్తే పిల్లకు మిగిలిందేమిటి? తెర కట్టేసి పాట మాత్రం ఉంచితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి.

మనవలను చూసుకోవడానికి ఏటా అమెరికా వెళ్ళే తెలుగు అమ్మమ్మలు, తాతయ్యల సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇంగ్లిష్ అంతంతమాత్రం, పగలంతా ఇంట్లో పొద్దుపోదు. సాయంత్రం పార్కుకు వెళితే అక్కడ తమలాగే మనవణ్ని ఎత్తుకుని వచ్చిన మెక్సికో అవ్వ కనిపిస్తుంది. ఆవిడకూ ఇంగ్లిష్ అంతంతమాత్రమే. ఒకరు తారంగం ఆడిస్తారు, ఒకరు తోడేలు పిల్లలను తిప్పుతారు. ఇద్దరి చేతులూ ఒకేలా తిరుగుతుంటే పరిచయానికి వేరే మాట అక్కర్లేదు. ఇంట్లో మనవరాలు బడిలో స్పానిష్ నేర్చుకుంటుంటే మరీ మంచిది. ఏనుగుల పాట నేర్పమని దాన్నే అడగవచ్చు. తాతకు పాఠం చెప్పే అవకాశం ఏ ఆరేళ్ళ పిల్లా వదులుకోదు. బదులుగా చెమ్మచెక్క, ఒప్పులకుప్ప నేర్పవచ్చు. వారానికోసారి తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దే ఆ పిల్లకు తెలుగులో గిర్రున తిరగడమూ ఒకటుందని తెలుస్తుంది.

వెళ్ళబోయేవారికి ఒక చిన్న హెచ్చరిక మాత్రం చేయాలి. స్పెయిన్ పిల్లలకు ఎంతో ఇష్టమైన పెరటి పాట ఒకటుంది, వానకు తడిసే ఇంటి పెరడు గురించి. అందులో మాటిమాటికీ గొంతుక్కూర్చుని లేవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు దాని జోలికి వెళ్ళకుండా, ఏనుగుల దగ్గరే ఆగితే మంచిది.